జపనీస్ పలకరింపులు: ఏ మాట ఎవరితో అనాలి

జపనీస్ కొత్తగా నేర్చుకునేవారు ఉదయం ‘ఒహయో’, పగలు ‘కొన్నిచివ’, చీకటి పడ్డాక ‘కొంబన్‌వ’ అని వేళలను బట్టి వల్లె వేస్తుంటారు. కానీ జపాన్‌లో పలకరింపును నిర్ణయించడంలో వేళ కన్నా ఎదుటి మనిషితో మనకున్న వరసకే ఎక్కువ పాత్ర ఉంటుంది.

‘ఒహయో’ అన్న పొట్టి మాట ఇంట్లోవారికి, స్నేహితులకు సరిపోతుంది. పెద్దలతోనూ పైఅధికారులతోనూ ‘ఒహయో గొజైమస్’ అని పూర్తిగా అనాలి. సాధారణంగా ఉదయం 10, 11 గంటల వరకే వాడే మాట ఇది. అయినా సాయంత్రం పనిలోకి వచ్చే హోటల్ సిబ్బంది కూడా ఆ రోజు తొలిసారి కలిసిన తోటివారిని చాలాచోట్ల ఇలాగే పలకరిస్తారు. రాతలో చివర ‘సు’ ఉన్నా నోటిలో అది దాదాపు ‘స్’గానే పలుకుతుంది. మాటను అచ్చుతో ముగించే అలవాటున్న మనం ఇక్కడ కాస్త జాగ్రత్తపడాలి.

‘కొన్నిచివ’ ఇరుగుపొరుగువారికి, పరిచయస్తులకు చెప్పే మాట. సొంత ఇంట్లో అంటే పరాయివారిని పలకరించినట్లుంటుంది.

ఇంటి పలకరింపులు మనకు ఎంతో దగ్గరగా ఉంటాయి. బయటికి వెళ్లేవారు ‘ఇత్తెకిమస్’ అంటారు. అది అచ్చంగా మన ‘వెళ్లొస్తాను’. పిల్లలు ‘వెళ్తాను’ అంటే ‘వెళ్లొస్తానని చెప్పు’ అని దిద్దే పెద్దల మధ్య పెరిగినవారికి దీని వెనుక ఉన్న భావం వేరే చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఉన్నవారు ‘ఇత్తెరష్షై’, అంటే ‘వెళ్లి రా’ అని సాగనంపుతారు. తిరిగొచ్చినవారు గుమ్మం లోపల బూట్లు విప్పుతూ ‘తదైమ’ (‘వచ్చేశాను’) అని చెబితే, లోపలి నుంచి ‘ఒకయెరి’ (‘వచ్చావా, రా’) అని బదులొస్తుంది.

ఆఫీసు నుంచి బయలుదేరేటప్పుడు మనందరికీ తెలిసిన ‘సయోనర’ పనికిరాదు. పెద్దవారి మధ్య అందులో చాలాకాలానికి విడిపోతున్న ధ్వని ఉంటుంది. ‘ఒసకి ని షిత్సురే షిమస్’ అనాలి. మీరింకా పనిలో ఉండగా నేను ముందుగా వెళ్తున్నందుకు మన్నించండి అని దాని భావం. ఉద్యోగానికి వెళ్లేవారు అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది ఈ మాటేనని నా అభిప్రాయం. దానికి మిగిలినవారు చెప్పే జవాబు ‘ఒత్సుకరెసమ దెషిత’, అంటే ‘పనిచేసి అలసిపోయారు’ అని. ఇంచుమించు అదే భావమున్న ‘గొకురోసమ’ అన్నది పైవారు కిందివారితో అనేది కనుక అధికారితో అనకూడదు.

పలకరించేటప్పుడు చేతులు జోడించనక్కర్లేదు. పరిచయస్తులు ఎదురైతే సుమారు 15 డిగ్రీలు, కస్టమర్ల ముందు 30 డిగ్రీలు నడుము వంచుతారు. మర్యాద పాటించవలసిన చోట మాట పూర్తయ్యాకే వంగాలని నేర్పుతారు. దుకాణంలో ‘ఇరష్షైమసె’ అని స్వాగతిస్తే బదులు చెప్పవలసిన పనిలేదు, చిన్నగా తల ఊపితే చాలు. చేతులు జోడించే సందర్భం భోజనం దగ్గర వస్తుంది: చాలామంది అరచేతులు కలిపి ‘ఇతదకిమస్’ (‘వినయంగా స్వీకరిస్తున్నాను’) అన్నాకే చాప్‌స్టిక్స్ అందుకుంటారు. తినడం అయ్యాక, వండినవారికి వినిపించేలా ‘గొచిసోసమ దెషిత’ (‘మంచి భోజనం పెట్టారు’) అంటారు. చిన్న హోటల్లోనైతే డబ్బు చెల్లించి బయటికి వస్తూ చెప్పే మాట కూడా అదే.