నల్లంచినీ పుట్టగొడుగునీ పోల్చి చూడటం ఎలా?

పిట్టకీ పుట్టగొడుగుకీ పోలికేంటని నవ్వకండి. తిరుపతి చుట్టుపక్కల రెండూ ఒకే చెదపుట్ట దగ్గర కనబడే అవకాశం ఉంది. తొలకరి వానలు బాగా పడ్డాక నోట్‌బుక్ పట్టుకుని పొద్దున్నే బయల్దేరండి.

మొదట జాతులను తేల్చుకోండి. నల్లంచి సులువే. చంద్రగిరి వైపు ఉన్నట్టు రాళ్లూ ముళ్లపొదలూ ఉన్న నేల దానికి ఇష్టం. మన దగ్గర మగది నల్లగా ఉండి, రెక్క మీద తెల్లమచ్చ, తోక కింద ఇటుక రంగు కనిపిస్తాయి. ఆడది గోధుమ రంగు. తోక ఎప్పుడూ పైకెత్తే ఉంచుతుంది.

పుట్టగొడుగుతోనే టెన్షన్. మనకు కావలసింది టెర్మిటోమైసిస్ హైమీ. దక్షిణ భారతంలో దొరికిన ఈ తెల్ల గొడుగును 1979లో శిలీంధ్ర శాస్త్రవేత్త కె. నటరాజన్ కొత్త జాతిగా వర్ణించారు. కాడ వేరులా సాగి నేలలోని చెదల గూడు దాకా దిగుతుంది. గొడుగును కాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. లేత గులాబీ పొడి రాలాలి. పచ్చటి పొడి రాలితే అది విషపు జాతి కావచ్చు. గులాబీ రంగు వచ్చిందని కూర వండేయకండి, ఆ రంగు పొడి రాల్చే విషపు జాతులూ ఉన్నాయి.

పుట్టను తవ్వొద్దు, లోపల పాములుండొచ్చు. పసుపు కుంకుమ పెట్టి పూజించే పుట్ట అయితే అసలు ముట్టుకోవద్దు. శేషాచలం కొండల్లోని శ్రీ వెంకటేశ్వర నేషనల్ పార్కులో అనుమతి లేకుండా ఏదీ కోయకూడదు, ఫొటోతో సరిపెట్టుకోండి.

ఇప్పుడు పట్టిక గీయండి. రంగు, సైజు రాస్తే ఏమీ తేలదు. తిండి గురించి రాయండి, అసలు సంగతి అక్కడుంది. చెదలు ఎండుటాకులూ కట్టెముక్కలూ నమిలి, ఆ మలంతో గూట్లో తేనెపట్టులాంటి మడులు కడతాయి. వాటి మీద ఈ పుట్టగొడుగు శిలీంధ్రాన్ని పెంచుతాయి. అది కట్టెను మెత్తబరిస్తే చెదలు తింటాయి. నల్లంచేమో చెదలనే తింటుంది. వాన తర్వాత ఉసిళ్లు, అంటే రెక్కల చెదలు, లేచినప్పుడు దానికి పండగే. అంటే చెదలు ఒకదాన్ని సాగుచేస్తాయి, ఇంకోదానికి మేతవుతాయి.

చుట్టరికానికీ ఓ గడి వదలండి. శిలీంధ్రాలు మొక్కలకన్నా జంతువులకే దగ్గర. వాటి కణాల గోడల్లో ఉండే కైటిన్ అనే గట్టి పదార్థం, నల్లంచి మింగే పురుగుల పెంకులోనూ ఉంటుంది.

ఎండాకాలంలో మళ్లీ వెళ్లి చూడండి. నల్లంచి అక్కడే ఉంటుంది. పుట్టగొడుగు గడిలో మాత్రం ‘లేదు’ అని రాయకండి, ‘పైకి కనబడలేదు’ అని రాయండి. గూట్లో అది పెరుగుతూనే ఉంటుంది.