కాలిన గాయాలు – 4వ పాఠం: సెలైన్ లెక్క

పోయిన పాఠం అభ్యాసంలో ఒంటి చర్మంలో ఎంత శాతం కాలిందో లెక్కకట్టమన్నాను; 18 శాతం రావాలి. ఎక్కువమంది 27 అని పంపారు. అదనపు 9 ఎక్కడిదో చూడగానే తెలిసింది: ఎర్రబడిన పైవీపును కూడా కలిపేశారు. బొబ్బ లేకుండా కేవలం ఎర్రబడిన చర్మం మొదటి డిగ్రీ. అది శాతంలోకి రాదు. బొబ్బలెక్కినదీ, తోలులా బిరుసెక్కి నొప్పి తెలియనిదీ మాత్రమే కలపాలి. అక్కడక్కడ చిందినట్టు కాలితే వేళ్లతో కలిపి అరచెయ్యి ఒక శాతం. ఆ అరచెయ్యి రోగిది, మీది కాదు.

పలాస నుంచి అడిగినవారికి: జీడిపిక్కల తొక్కనూనె చిందితే వేడితో పాటు రసాయనం కూడా కాలుస్తుంది. తడిసిన బట్టలు తీసేసి, ధారాళంగా నీళ్లతో చాలాసేపు కడగండి. మామూలు కాలిన గాయానికి 20 నిమిషాల కుళాయి నీళ్ల సంగతి మొదటి పాఠంలోనే అయిపోయింది.

ఇక సెలైన్. పెద్దలకు 15 శాతం దాటితే, మొదటి 24 గంటల్లో ఎంత ఎక్కించాలో చెప్పేది పార్క్‌లాండ్ సూత్రం: 4 మి.లీ. × బరువు (కిలోల్లో) × కాలిన శాతం. ఎక్కించేది రింగర్ లాక్టేట్ అనే లవణాల ద్రావణం; ఈ పాఠంలో సెలైన్ అంటే ఇదే. సగం మొదటి 8 గంటల్లో, మిగతా సగం తరువాతి 16 గంటల్లో.

ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి. సూది గుచ్చినప్పటి నుంచి కాదు, అంబులెన్సు గేటు దాటినప్పటి నుంచి అసలే కాదు. 50 కిలోల మనిషి, 20 శాతం: మొత్తం 4,000 మి.లీ. పలాసలో ఉదయం 10కి కాలింది, శ్రీకాకుళంలో 12కి సెలైన్ మొదలైంది. 2,000 మి.లీ.కి మిగిలింది 6 గంటలే, అంటే గంటకు 333. కేసు షీటు చూసి 8తో భాగించి 250 పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది; గంటగంటకూ 83 మి.లీ. వెనకబడుతున్నారు. నేనైతే షీటు మీద ముందు కాలిన సమయమే రాస్తాను, పేరు తరువాత.

సూత్రం మొదలుపెట్టడానికే. ఆ తరువాత మూత్రం చూసి సెలైన్ వేగం మార్చాలి: పెద్దలకు కిలోకు గంటకు అర మి.లీ. రావాలి.

అభ్యాసం: బొబ్బిలి, దీపావళి రాత్రి 9 గంటలు. బరువు 60 కిలోలు. కుడిచెయ్యి అంతా, ఛాతీ ముందు భాగమంతా బొబ్బలు. మెడ ఎరుపు మాత్రమే. సెలైన్ 12కి మొదలైంది. తెల్లవారి 5 వరకు గంటకు ఎంత? 5 తరువాత ఎంత? ఇదే మనిషికి కరెంటు షాక్ కొట్టి ఉంటే ఈ శాతాన్ని ఎందుకు నమ్మకూడదో కూడా రాయండి.