ఫొటోలు అంటించాక నోరు తెరిచే ఆల్బమ్: నా అనుభవం

చేత్తో కుట్టిన ఆల్బమ్ ఫొటోలు అంటించేసరికి మూసుకోక నోరు తెరిచింది. బరువు పెట్టినా, కుట్టు వదులు చేసినా, రిబ్బను కట్టినా లాభం లేదు.

పేజీకీ పేజీకీ మధ్య, కుట్టువైపు, పేజీలకు వాడిన 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) అట్టతోనే 2.5 సెం.మీ. వెడల్పు పట్టీ పెట్టాక కుదిరింది. రెండువైపులా ఫొటోలంటే దాదాపు అర మిల్లీమీటరు మందం. పట్టీ దానికి సరిపోతుంది. పేజీని కుట్టువైపు అంచు నుంచి 3 సెం.మీ. దగ్గర మొద్దు చాకుతో గీరి ముందే మడవాలి, లేకపోతే తిరగదు. పై అట్ట కూడా తిరిగేలా దాన్ని అక్కడే రెండు ముక్కలు చేసి మధ్య 5 మి.మీ. సందు వదిలి, దానిమీద పూలకాగితం కుట్టుకు ముందే అంటించి రాత్రంతా బరువు కింద ఉంచాలి. నెల్లూరు నవంబరు ముసురులో అయితే రెండు రోజులు! తర్వాత అంచుకు 1.2 సెం.మీ. లోపల నాలుగు బెజ్జాలు, కొవ్వొత్తి రుద్దిన దారం ఒకటిన్నర మీటరు.

ఇది 20 పేజీల లెక్క. ఒకవైపే ఫొటోలుంటే పట్టీ మందం తగ్గాలి, లేదంటే కుట్టువైపు ఉబ్బుతుంది.