సెన్సిటివ్ పేస్టు వాడుతున్నా పళ్లు జివ్వుమంటున్నాయా?

సమస్య: చల్లటి మంచినీళ్లు తాగినా, చెరుకురసం తాగినా పళ్లు జివ్వుమంటాయి. ఖరీదైన పేస్టు ట్యూబు మొత్తం అయిపోయింది, తేడా లేదు. ఎండాకాలంలో గుంటూరు కొత్తపేటలోని మా క్లినిక్‌కి ఈ మాటతో వచ్చేవాళ్లే ఎక్కువ.

ముందు ట్యూబు చదవండి

ఎంత చెప్పినా ఎవరూ చేయని పని ఇదే. పళ్లు పుచ్చకుండా కాపాడేది ఫ్లోరైడ్. మన దేశంలో పేస్టులో అది 1000 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి) దాటకూడదు, ఎంత ఉందో ట్యూబు మీద రాయాలి. పెద్దవాళ్లు 1000కి దగ్గరగా ఉన్నది తీసుకోండి. జివ్వుమనడం తగ్గాలంటే పొటాషియం నైట్రేట్ 5 శాతం ఉన్న పేస్టు వాడొచ్చు. అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే పేస్టు మార్చేస్తే ఏదీ పనిచేయదు. ట్యూబు చివర పచ్చ గీత ఉందా, నల్ల గీత ఉందా అని మాత్రం వెతకొద్దు. అది ప్యాకింగ్ మెషిన్ కోసం వేసే గుర్తు, అంతే.

ఎవరూ అనుమానించని కారణం: పుక్కిలించడం

పేస్టు సరైనదే, బ్రష్ చేసేది రెండు పూటలా. అయినా గుణం లేదంటే నేను అడిగేది ఒక్కటే: "తోమాక ఏం చేస్తారు?" అందరిదీ దాదాపు ఒకే జవాబు. నాలుక గీసుకుని, చెంబెడు నీళ్లతో నోరంతా శుభ్రంగా పుక్కిలించి ఉమ్మేస్తారు. అలా చేస్తే పంటి మీద నిలవాల్సిన మందు చాలావరకు సింకులోకి పోతుంది. బ్రష్ చేసిన ఐదు నిమిషాలకు నోట్లో పేస్టు రుచి బొత్తిగా లేదంటే మీదీ ఇదే సమస్య కావచ్చు.

సరిచేయాలంటే వరుస మార్చాలి. నాలుక గీసుకోవడం, పుక్కిలించడం ముందే ముగించండి. నాలుక గీస్తే వాంతి వచ్చినట్టయి ఎలాగూ నీళ్లు పోసుకుంటారు, అందుకే అది చివర్లో వద్దు. తర్వాత రెండు నిమిషాలు తోమి, నురగ ఉమ్మేసి ఊరుకోండి. నోరు కడగొద్దు. మొదట్లో జిగటగా అనిపిస్తుంది, కొన్నాళ్లకు అలవాటవుతుంది. అస్సలు ఉండలేకపోతే ఒక్క గుక్క నీళ్లు చాలు. అరగంట దాకా కాఫీ, టిఫిన్ ఏమీ వద్దు. వెంటనే మౌత్‌వాష్ కూడా వద్దు. రోజూ వాడే ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌లో ఉండేది 225 పీపీఎం దాకానే, పేస్టులో ఉన్నదాన్ని అది కడిగేస్తుంది.

రాత్రి పూట ఇది మరీ ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి పంటికి కాపలా తక్కువ, పేస్టు నిలిచేదీ అప్పుడే ఎక్కువసేపు. పొద్దున ఎంత బాగా తోమినా రాత్రి మానేసేవాళ్లకు ఈ మేలు దక్కదు.

మిగతావి

బొగ్గుపొడి, ఉప్పు, గట్టి బ్రష్ చిగురు దగ్గర పంటిని అరగదీస్తాయి. మెత్తటి బ్రష్ తీసుకోండి, నొక్కి తోమొద్దు. నిమ్మసోడా తాగిన వెంటనే కూడా తోమొద్దు. పులుపుకి పైపొర మెత్తబడి ఉంటుంది, కనీసం అరగంట ఆగండి.

పిల్లలకు పేస్టు మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. ఉమ్మడం పక్కనుండి నేర్పించాలి.

నోట్లో మాటిమాటికీ పొక్కులొస్తే సోడియం లారిల్ సల్ఫేట్ (నురగ కోసం కలిపేది) లేని పేస్టు వాడి చూడండి. ఒక్క పన్నే జివ్వుమంటుంటే మాత్రం పేస్టులు మారుస్తూ కూర్చోకండి. అది పుచ్చు కావచ్చు, పగులు కావచ్చు, ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి.