రొయ్యల ప్యాకింగ్ లైన్‌లో మెటల్ డిటెక్టర్ ఊరికే కూస్తుంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ముందు ఒక మాట. సెన్సిటివిటీ (ఎంత చిన్న లోహపు ముక్కకు కూయాలన్న సెట్టింగ్) జోలికి వెళ్లకండి. భీమవరంలో అయినా, కాకినాడలో అయినా, నెల్లూరులో అయినా కథ ఒకటే. మిషన్ మంచి ప్యాకెట్లను కూడా వరసపెట్టి పక్కకు తోసేస్తుంటుంది, బయట కంటైనర్ రెడీగా ఉంటుంది, సూపర్‌వైజర్‌కి టెన్షన్ ఎక్కిపోతుంది, ఎవరో ఒకరు స్క్రీన్ దగ్గరికెళ్లి సెన్సిటివిటీ కాస్త తగ్గించేస్తారు. కూత ఆగుతుంది. కానీ గంట తర్వాత క్యూసీ (నాణ్యత చూసే) అమ్మాయి టెస్ట్ పీస్ (తెలిసిన సైజు లోహపు గుండు ఉన్న ముక్క) వేస్తే అది కూడా కూయకుండా దాటిపోతుంది, ఇక అంతకుముందు సరిగ్గా వచ్చిన టెస్ట్ నుంచి ప్యాక్ చేసిన సరుకంతా హోల్డ్‌లో పెట్టి మళ్లీ డిటెక్టర్‌లోంచి పంపించాల్సిందే.

మిషన్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను, అది తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి. ఆ డబ్బా లోపల మూడు కాయిల్స్ ఉంటాయి. మధ్యది సిగ్నల్ పంపుతుంది, అటూ ఇటూ ఉన్న రెండూ దాన్ని సమానంగా అందుకుంటాయి. లోహం వెళ్లినప్పుడు ఆ సమానం చెదిరి మిషన్ కూస్తుంది. చిక్కేంటంటే ఆ సమానాన్ని లోహం ఒక్కటే చెదరగొట్టదు. ఉప్పునీళ్లు చెదరగొడతాయి, పక్కనున్న మోటార్ కేబుల్ చెదరగొడుతుంది, వదులైన బోల్టు కూడా చెదరగొడుతుంది. అందుకే దోషం ఎక్కడుందో మూడు మెట్లలో తేల్చుకోవాలి. బెల్ట్ ఆపి ఖాళీగా చూడండి, తర్వాత బెల్ట్ తిప్పుతూ ఖాళీగా చూడండి, ఆఖర్న సరుకుతో చూడండి. ఒక్కో మెట్టు దగ్గర ఒక ఐదు నిమిషాలు ఓపిగ్గా స్క్రీన్ మీద సిగ్నల్ బార్ గమనిస్తే చాలు.

బెల్ట్ ఆగి ఉన్నా సిగ్నల్ ఎగురుతోందంటే తప్పు చాలావరకు మిషన్ బయట ఉన్నట్టు. కొత్తగా ఏం మారిందో అడగండి. పక్క కన్వేయర్‌కి కొత్త వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే పెట్టె) పెట్టారా, దాని కేబుల్ డిటెక్టర్ కేబుల్‌తో కలిపి ఒకే ట్రేలో లాగేశారా, ఎవరైనా వాకీటాకీ పట్టుకుని దగ్గర్లో నిలబడుతున్నారా, షెడ్డులో వెల్డింగ్ జరుగుతోందా. డిటెక్టర్‌కి వచ్చే కరెంటు లైన్ మీదే కంప్రెసరో పెద్ద మోటారో ఉంటే వెంటనే విడదీయించండి. ఎర్తింగ్ కూడా చెక్ చేయించండి, నీళ్లు, ఉప్పు ఉండే చోట ఎర్త్ బోల్టు తుప్పు పట్టడం మామూలే.

దగ్గర్లో ఉన్న లోహం సంగతి చాలామంది పట్టించుకోరు. డిటెక్టర్ నోటి (ప్యాకెట్ దూరి వెళ్లే సందు) ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలోపు కదలని లోహం, రెండు రెట్ల దూరంలోపు కదిలే లోహం ఉండకూడదని సాధారణ లెక్క. అంటే నోరు 200 మిల్లీమీటర్ల ఎత్తుంటే 400 మిల్లీమీటర్ల లోపల రోలర్ తిరగకూడదు, ట్రాలీ రాకూడదు. మీ మిషన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. క్లీనింగ్ వాళ్లు స్టీల్ బకెట్ తెచ్చి సరిగ్గా ఆ పక్కనే పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

బెల్ట్ తిరగడం మొదలయ్యాకే కూస్తోందా? అయితే బెల్టునో, ఫ్రేమునో అనుమానించాలి. ఇక్కడ ఒక తేలిక పద్ధతి ఉంది. కూసిన ప్రతిసారీ బెల్ట్ ఆపి, డిటెక్టర్ నోటి దగ్గర బెల్ట్ అంచున మార్కర్‌తో చిన్న గీత పెట్టండి. గీతలన్నీ ఒకే చోట గుంపుగా పడితే ఏదో బెల్టులోనే దిగబడి ఉందని అర్థం. బెల్ట్ వదులు చేసి అక్కడ రెండు వైపులా వేలితో తడిమి చూడండి, టార్చి పక్కకు వంచి వేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. మెయింటెనెన్స్ వాళ్లు పైన గ్రైండింగ్ చేసినప్పుడు ఎగిరిన రవ్వ, ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు, బెల్టులో గుచ్చుకుని కూర్చుంటుంది. నీళ్లతో కడిగితే రాదు, పీకాలి, రాకపోతే బెల్ట్ మార్చాలి. గీతలు ఎక్కడపడితే అక్కడ పడితే బెల్టుది తప్పు కాదు. ఫ్రేములో వదులు బోల్టు, అరిగిన బేరింగు, ఒకసారి తగిలి ఒకసారి వదిలే సైడ్ గార్డు వెతకండి. రెండు లోహపు భాగాలు అలా తగులుతూ వదులుతూ ఉంటే వాటి గుండా చిన్న కరెంటు చుట్టు ఏర్పడి తెగుతుంటుంది, మిషన్ దాన్ని లోహం అనుకుంటుంది.

ఖాళీగా తిరిగినప్పుడు నిమ్మకు నీరెత్తినట్టు ఉండి, సరుకు పెట్టగానే గోల చేస్తోందంటే, మన ప్లాంట్లలో ఎక్కువసార్లు అది సరుకు వల్లే. గట్టిగా గడ్డకట్టిన రొయ్య డిటెక్టర్‌కి దాదాపు పొడి వస్తువులా కనిపిస్తుంది. అదే రొయ్య పైన కొంచెం కరిగి తడి వచ్చిందంటే, ఉప్పుతో కలిసిన ఆ తడి గుండా కరెంటు పారుతుంది, సిగ్నల్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. అందుకే పొద్దున్న ఏ గొడవా లేని లైను మధ్యాహ్నం భోజనాల తర్వాత కూయడం మొదలుపెడుతుంది. భోజనానికి వెళ్తూ ప్యాకెట్లు టేబుల్ మీదే వదిలేశారన్నమాట. వాటిని మళ్లీ ఫ్రీజింగ్‌కి పంపించి మైనస్ 18కి తెచ్చి చూడండి, చాలావరకు గోల అక్కడితో సరి.

ఇంకోటి, ట్రీట్‌మెంట్ మారినప్పుడు. ఫాస్ఫేట్, ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టిన రొయ్యకీ మామూలు రొయ్యకీ సిగ్నల్ ఒకటి కాదు. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్నది) మారినా, అరకిలో పౌచ్ నుంచి రెండు కిలోల బ్లాక్‌కి వెళ్లినా ఒకటి కాదు. ప్రతి రకానికీ విడిగా ప్రోగ్రామ్ పెట్టి, మిషన్‌కి ఆ సరుకు నేర్పించాలి. నేర్పేటప్పుడు లైన్ మీద మామూలుగా వచ్చే చలిలోనే ఉన్న, లోహం లేదని తేలిన ప్యాకెట్లు వాడండి. కోల్డ్ స్టోర్‌లోంచి రాయిలా ఉన్నది తెచ్చి నేర్పించి, లైన్ మీద మెత్తబడినది పంపితే అది కూయక ఏం చేస్తుంది? ప్యాకింగ్ కవర్ కూడా చూసుకోండి. అల్యూమినియం ఫాయిల్ ఉన్న కవరైతే మామూలు మెటల్ డిటెక్టర్ పనికిరాదు, ప్యాకింగ్‌కి ముందే పంపాలి, లేదంటే ఎక్స్‌రే మిషన్ కావాలి.

అయితే ప్రతి కూతనీ దొంగ కూత అని కొట్టిపారేయకండి. తోసేసిన ప్యాకెట్‌ని ఒకసారి మళ్లీ పంపి, కూయలేదని కార్టన్‌లో వేసేస్తారు చూడండి, అది చాలా ప్రమాదం. ముక్క సన్నని తీగ లాంటిదైతే ఏ దిక్కున వెళ్తోందన్నదాన్ని బట్టి ఒకసారి దొరుకుతుంది, ఒకసారి దొరకదు. నిలువుగా, అడ్డంగా, తిరగేసి పంపండి. ఏ ఒక్కసారి కూసినా పక్కన పెట్టండి. బ్లాక్ అయితే రెండు ముక్కలు చేసి విడివిడిగా పంపితే ఏ ముక్కలో ఉందో తెలిసిపోతుంది, అలా చిన్నది చేసుకుంటూ పోవచ్చు. దొరికింది ఏమిటో చూస్తే ఎక్కడిదో కూడా తెలుస్తుంది. పీలింగ్ కత్తి మొన కావచ్చు, ఐక్యూఎఫ్ (రొయ్యలను విడివిడిగా గడ్డకట్టించే) ఫ్రీజర్ స్టీల్ బెల్టు తీగ ముక్క కావచ్చు. రెండోదైతే ఫ్రీజర్ ఆపి బెల్టంతా చూడాల్సిందే, ఒక తీగ విరిగిందంటే పక్కవి కూడా అరిగే ఉంటాయి.

ఇక దీనికి పూర్తిగా ఎదురు సమస్య, టెస్ట్ పీస్ వేసినా కూయకపోవడం. ఇనుము తేలిగ్గా దొరుకుతుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ అన్నిటికంటే కష్టం, అందుకే ఇనుప గుండు సైజు కంటే స్టీలు గుండు సైజు పెద్దగా ఉంటుంది. చాలాచోట్ల ఇనుము 1.5, ఇత్తడి లాంటివి 2, స్టీలు 2.5 మిల్లీమీటర్లు అని కనిపిస్తుంది, మీ బయ్యర్ ఏం రాశాడో అదే మీకు లెక్క. టెస్ట్ పీస్‌ని ఉత్త బెల్టు మీద కాదు, సరుకుతో కలిపి, వీలైనంత వరకు నోటి మధ్యలోంచి వెళ్లేలా పంపాలి. మధ్యలోనే మిషన్ చూపు బలహీనం, గోడల దగ్గర బలం. అంచున పంపి పాస్ అయిందని రాసుకుంటే కాగితం నిండుతుంది కానీ ఉపయోగం లేదు.

కూసింది కానీ ప్యాకెట్‌ని తొయ్యలేదు, లేదా వెనకాల ప్యాకెట్‌ని తోసింది అంటే డిటెక్టర్‌ది తప్పు కాదు. ఎయిర్ ప్రెషర్ చూడండి, ఫోటో సెన్సర్ మీద మంచు పొర తుడవండి, బెల్ట్ స్పీడ్ ఎవరైనా పెంచారేమో అడగండి. స్పీడ్ మారితే రిజెక్ట్ టైమింగ్ కూడా మార్చాలి. వరసగా రెండు టెస్ట్ పీసులు వేసి రెండింటినీ తోస్తుందో లేదో తప్పకుండా చూడండి.

పక్కనున్న చెక్‌వేయర్ (ప్యాకెట్ల బరువు చూసే మిషన్) గురించి ఎక్కువ చెప్పను. బరువు పైకీ కిందకీ కొట్టుకుంటుంటే తూకం బెల్టు కింద పేరుకున్న మంచు, ఫ్యాన్ గాలి, ఒకేసారి రెండు ప్యాకెట్లు ఎక్కడం, ఈ మూడూ చూసి, తుడిచి, జీరో కొట్టాకే లోడ్ సెల్ (బరువు కొలిచే సెన్సర్) మీద అనుమానపడండి.

ఇవన్నీ చూసినా తేలకపోతే సర్వీస్ ఇంజనీర్‌ని పిలవండి. పిలిచేముందు మూడు మెట్లలో ఏ మెట్టు దగ్గర కూసిందో, సిగ్నల్ ఎంత చూపించిందో, ఆ టైమ్‌కి సరుకు ఎంత చల్లగా ఉందో రాసి, స్క్రీన్ ఫోటో తీసి ఉంచండి. ఇప్పుడున్న సెట్టింగులు కూడా ఫోటో తీసి పెట్టుకోండి, ఆయన వచ్చేలోపు ఎవరు ఏది నొక్కుతారో తెలీదు, పాస్‌వర్డ్ అందరికీ తెలిసిన ప్లాంట్లలో మరీను.