మామిడి మండీ లెక్కలు పైథాన్‌లో చదవడం, రాయడం

చిత్తూరులో ఒక మామిడి మండీకి లెక్కలు రాస్తాను. తూకాల పట్టికను ఎక్సెల్ నుంచి యూటీఎఫ్-8 సీఎస్‌వీగా, అంటే తెలుగు అక్షరాలూ నిలిచే ఎన్‌కోడింగ్‌లో, గడుల మధ్య కామాలు ఉండే టెక్స్ట్ ఫైలుగా తీసుకుంటాను: పేరు, ఊరు, రకం, కిలోలు, ధర.

వరసను కామా దగ్గర స్ప్లిట్‌తో విడగొట్టకండి. ఊరి గడిలో “బంగారుపాళెం, చిత్తూరు” అని ఉందనుకోండి, కిలోలు ఉండాల్సిన చోటికి తోతాపురి వచ్చి కూర్చుంటుంది. పైథాన్‌తోనే వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్‌లో డిక్ట్‌రీడర్ వాడండి. కామా ఉన్న గడి చుట్టూ ఉండే కోట్స్‌ను అది చూసుకుంటుంది, ప్రతి గడినీ పేరుతో అందిస్తుంది.

ఫైలు ఓపెన్ చేసేటప్పుడు న్యూలైన్‌కు ఖాళీ స్ట్రింగ్, ఎన్‌కోడింగ్‌కు ‘యూటీఎఫ్-8-సిగ్’ ఇవ్వండి. ‘సిగ్’ మరిచి ఉత్త ‘యూటీఎఫ్-8’ ఇస్తే ఎక్సెల్ మొదట్లో పెట్టే కనిపించని గుర్తు ‘పేరు’కు అతుక్కుంటుంది. కళ్లముందే ఉన్న కాలమ్ లేదని పైథాన్ అంటుంది.

చదివిన ప్రతిదీ టెక్స్టే. టెక్స్ట్‌గా పోలిస్తే 1200 కన్నా 900 పెద్దది! కిలోలను ఫ్లోట్‌గా (మామూలు దశాంశ సంఖ్యగా), డబ్బును డెసిమల్‌గా (పైసలను కచ్చితంగా ఉంచే సంఖ్యగా) మార్చండి. రైతుకు ఇచ్చే చీటీలో పైసా కూడా తేడా రాకూడదు.

సారాంశాన్ని జేసన్‌గా, అంటే ప్రోగ్రాములు సులువుగా చదివే టెక్స్ట్ రూపంలో రాయాలంటే జేసన్ మాడ్యూల్‌లోని డంప్ చాలు. డెసిమల్‌ను మాత్రం అది నేరుగా తీసుకోదు, స్ట్రింగ్‌గా మార్చి ఇవ్వండి. ‘ఎన్ష్యూర్ ఆస్కీ’కి ఫాల్స్ పెట్టండి. లేకపోతే తెలుగు పేర్లన్నీ కోడ్ నంబర్లుగా కనిపిస్తాయి, డేటా పోదు గానీ చదవలేం.

పాత ఫైలు మీద నేరుగా రాయకండి. ‘డబ్ల్యూ’ మోడ్‌లో తెరిచిన క్షణమే అది ఖాళీ అవుతుంది, మధ్యలో కరెంటు పోతే ఇక టెన్షనే. అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో పూర్తిగా రాసి, మూసేశాక ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో పాతదాని స్థానంలో పెట్టండి.