క్రూయిజ్ బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

సెలవులు దగ్గరపడ్డాయి, ఆఫర్లు వరసగా వచ్చిపడతాయి. అడ్వాన్స్ కట్టే ముందు:

– అన్నిటికంటే ముందు వీసా. ఓడ మధ్యలో వేరే దేశానికి వెళ్లి మళ్లీ మొదటి దేశానికే వస్తుంటే ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసా చాలదు. పాస్‌పోర్టుకు యాత్ర ముగిశాక కూడా 6 నెలల గడువు మిగిలి ఉండాలి. కాగితాల్లో తేడా వస్తే రేవులోనే ఆపేస్తారు, డబ్బు సాధారణంగా వెనక్కి రాదు.

– బయల్దేరే రేవుకు ముందురోజే చేరండి. మీ విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు.

– ఇంట్లో గర్భిణి ఉంటే: 24వ వారంలోకి వస్తే చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. లెక్క బుకింగ్ రోజుకు కాదు, యాత్ర ఆఖరి రోజుకు.

– బీమాలో వైద్యంతోపాటు ఓడ నుంచి ఒడ్డున ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా ఉండాలి. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ ఫీజు విడిగా వేస్తాడు.

– టిక్కెట్ ధర చూసి మురిసిపోకండి. టిప్పులు తలకింత, రోజుకింత, పిల్లలకూ పడతాయి. వైఫై, మద్యం, ఒడ్డు మీది టూర్లు చాలావరకు వేరే.

– గది ఎక్కడుందో డెక్ ప్లాన్‌లో (ఓడ అంతస్తుల పటంలో) చూడండి. ఊగుడు పడనివాళ్లకు ఓడ మధ్యభాగం, కింది డెక్ నయం. నెత్తిన పూల్ డెక్ ఉంటే తెల్లారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు! ‘గ్యారంటీ’ గది చౌకే, కానీ ఎక్కడిస్తారో వాళ్లిష్టం.

– పూర్తి సొమ్ము కట్టాల్సిన తేదీ రాసిపెట్టుకోండి. అది దాటాక రద్దు చేస్తే కోత బాగా పెరుగుతుంది.